అక్క వాపస్ తెచ్చిన కుక్కరు

సెలవు మీద వచ్చే మనిషి కుక్కరు మోసుకుని రాదు. జర్మనీ నుంచి వచ్చిన రోజు మా లావణ్య అక్క పెట్టె తెరిస్తే, స్వెట్టర్ల మధ్య మా ఇంటి పాత కుక్కరు కనబడింది. పోయేటప్పుడు అమ్మ బలవంతంగా పెట్టిచ్చిందే. పిడి ఒక పక్క కాలి నల్లబడి ఉంటుంది కాబట్టి చూడగానే పోల్చుకున్నాను. అమ్మ, మా పెద్దక్క నీలమ్మ చాక్లెట్ల సంచి విప్పుతున్నారు. కుక్కరు వాళ్ళ కంట పడలేదు. నేను లావణ్య అక్క ముఖంలోకి చూశాను. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, కుక్కరు మీదికి స్వెట్టరు లాగింది.

చదువు ముగిశాక అక్కడే ఉద్యోగం దొరికిందని, ఒక నెల ఉండి పోతుందని మేమంతా అనుకుంటున్నాం. ఆమె మాత్రం గది ఖాళీ చేసి, సైకిలు ఎవరికో ఇచ్చేసి, గిన్నెలతో సహా వచ్చేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే బుజ్జి గురించి మాట్లాడాలి.

బుజ్జి ఆమె కూతురు. అప్పుడు నీలమ్మ అక్క కొంగు చాటున నిలబడి చూస్తోంది.

"రా బిడ్డా," అని చేతులు చాపింది లావణ్య అక్క.

బుజ్జి కదల్లేదు. కొంగులోంచి తల మాత్రం బయటపెట్టి, "చిన్నమ్మా, నువ్వు ఫోన్ల ఉంటవు గదా, ఎట్లొచ్చినవ్?" అని అడిగింది.

ఇంట్లో అందరూ నవ్వారు. లావణ్య అక్క కూడా నవ్వి, చాపిన చేతులను ఏం చేయాలో తెలియక పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

మాది నానక్‌రామ్‌గూడ. ఆ పేరు వింటే జనానికి అద్దాల మేడలే గుర్తొస్తాయి. వాటి వెనక ఊరు ఇంకా ఉంది. పోశమ్మ గుడి ఉంది, కూలీలకు కిరాయికిచ్చిన రేకుల గదులున్నాయి, ఆ గదుల చివర మా ఇల్లుంది. మా నాయిన మొగిలి బతికున్నన్నాళ్ళు ఒక మేడకు వాచ్‌మన్‌గా చేశాడు. ఆ మేడ కింది నేలలోనే ఆయన తండ్రి జొన్నలు వేసేవాడు. ఈ మాట చెబితే నా షేర్ ఆటో ఎక్కే ఆఫీసు పిల్లలు "వావ్" అంటారు. అని, చెవుల్లో పాటలు పెట్టుకుంటారు.

వాన పడితే మేడల మురుగంతా మా గల్లీలోకి వచ్చేది. మేము మంచాల మీద కాళ్ళు ముడుచుకుని తిట్టుకుంటుంటే, లావణ్య అక్క ఒక్కతే గుమ్మంలో నిలబడి ఆ నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూసేది. సర్కారు బడి నుంచి సివిల్ ఇంజనీరింగ్ దాకా అదే పిచ్చి. మురుగునీటిని శుభ్రం చేసే చదువొకటి ఉందని, జర్మనీలో బాగా చెబుతారని ఆమే కనుక్కుంది. నీలమ్మ అక్క భర్త నరేందర్ బావ ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. ఆయన ఆమెను ఏడిపించేవాడు.

"ఏం మరదలా, లోకమంత పైసల కోసం పోతది, నువ్వు మోరీల కోసం పోతవా?"

"మీ బస్సెక్కే సార్లు పొద్దుగాల చేసిందంత యాడికి పోతదో ఎవలన్న సూడాలె గద బావా."

ఆ నోరు మధ్యలో కొంతకాలం మూతపడింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేసేవాడికిచ్చి పెళ్ళి చేశాం. బుజ్జి కడుపులో ఉండగానే వాడికి ఇంకో సంసారం ఉందని బయటపడింది. కోర్టులో విడిపోయారు. బిడ్డ ఎలా ఉందని వాడు ఈనాటి దాకా అడగలేదు. చంటిపిల్లతో అమ్మింటికి వచ్చిన లావణ్య అక్క నెలల తరబడి ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. స్కాలర్‌షిప్‌తో సీటు వచ్చిందని తెలిసిన రోజు కూడా ఏడ్చింది. "ఈ పిల్లను ఏం జెయ్యాలె?" అంది.

"నువ్వు పో. నేను సాదుత," అంది నీలమ్మ అక్క.

నీలమ్మ అక్కకు పిల్లల్లేరు. పెళ్ళయిన నాటి నుంచి తిరగని దవాఖాన లేదు, మొక్కని దేవత లేదు. ఆమె ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. బుజ్జి అడుగులు నేర్చిన నెలలోనే లావణ్య అక్క విమానం ఎక్కింది.

తప్పు ఆ తర్వాత జరిగింది. చెడ్డవాళ్ళెవరూ చేసింది కాదు. ఫోన్‌లో తల్లి ముఖం కనబడితే బుజ్జి ఫోన్‌ను తిరగేసి వెనక వెతికేది. అక్కడ దొరక్కపోయేసరికి ఏడుపు. ఏడ్చి ఏడ్చి అన్నం ముట్టేది కాదు, జ్వరం తెచ్చుకునేది. అది చూసి అటు లావణ్య అక్క, చదువు వదిలేసి వచ్చేస్తానని మొదలుపెట్టింది. మా ఇళ్ళల్లో చదువుకునే వాళ్ళ దాకా ఇంటి బాధ పోనివ్వరు. చావు కబురైనా పరీక్షలయ్యాకే చెబుతారు. అమ్మ ఆ పద్ధతే పట్టుకుంది.

"ఆమె అమ్మ అని చెప్పకుండ్రి పోరికి. చిన్నమ్మ అనుండ్రి. ఏడ్వది. దీని సదువైనంక మల్ల అన్ని సక్కగైతయి."

"గట్లనే అననియ్యిరి," అంది ఫోన్‌లో లావణ్య అక్క. "సదువయ్యేదాంకనే గద."

బుజ్జి ఏడుపు మానింది. చిన్నమ్మ ఫోన్ వస్తే గంతులేసేది. లావణ్య అక్క అక్కడ కుక్కరు పొయ్యి మీద పెట్టి మాట్లాడేది. అది కూత వేస్తే ఇక్కడ బుజ్జి కూడా కూత వేసేది. కూతలన్నీ అయ్యేలోపు నీలమ్మ అక్క గబగబా ముద్దలు పెట్టేసేది. ఒక కుక్కరు అక్కడ తల్లికి, ఇక్కడ బిడ్డకు ఒకేసారి అన్నం పెట్టేదన్నమాట. పెద్దమ్మ కావలసిన నీలమ్మ అక్క అమ్మ అయింది, అమ్మ చిన్నమ్మ అయింది. నాకొక్కడికే పేరు మారలేదు. ఎటు లెక్క చూసినా నేను మామనే. చదువు ముగిసింది. వెనకాలే ఉద్యోగం, వీసా అంటూ ఇంకొంత కాలం గడిచింది. చక్కదిద్దే రోజు మాత్రం రాలేదు.

వచ్చిన వారానికి లావణ్య అక్క గచ్చిబౌలి దాకా నా ఆటోలో వచ్చింది. సవారీలు దిగిపోయాక ముందుకొచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌ల ఒక ఆఫీసోల్లు రమ్మన్నరు తమ్మీ. చెరువులల్ల కలిసే మురుగు సాఫ్ జేసే పని. వచ్చే నెల చేరాలె."

"మరి ఆడి నౌకరి?"

"నెలాఖరుదాంక సోచాయించుకొని చెప్పుమన్నరు. ఇంకేం సోచాయిస్త? కుక్కర్ సుత తెచ్చుకున్న గద."

ప్రగతి నగర్‌లో చెరువు పక్కన రెండు గదుల ఇల్లు చూసి పెట్టుకుందట. అంత దూరం ఎందుకన్నాను.

"మన గల్లీల ఉంటే బుజ్జి దినాం ఆ ఇంటికే ఉరుకుతది. ఇగ నాకెప్పుడు అలవాటైతది?"

"నీలమ్మక్కకు చెప్పినవా?"

ఆమె రోడ్డు వైపు ముఖం తిప్పుకుంది. "ఒడిబియ్యం అయినంక చెప్త."

ఆ శ్రావణంలో అక్కలిద్దరికీ ఒడిబియ్యం పోయాలని అమ్మ అనుకుంది. పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింట్లో పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు ఒడిలో పోసి పంపుతాం. ఆ బియ్యం తీసుకుపోయి తన ఇంట్లోనే వండుకోవాలి. తల్లయిన దానికి పోసేటప్పుడు, గింజలు జారకుండా బిడ్డ పక్కన కూర్చుని కొంగు పట్టుకోవడం మా ఇంటి పద్ధతి. లావణ్య అక్క ఆ బియ్యం ప్రగతి నగర్ ఇంట్లో మొదటి వంటగా వండాలనుకుంది. బుజ్జికి కుక్కరు కూత ఎదురుగా వినిపించాలనుకుంది.

ఆదివారం నాడు ఐస్‌క్రీమ్ ఆశ చూపి బుజ్జిని ఆటో ఎక్కించుకున్నాం. ఆ ఇంటి ఖాళీ గదుల్లో బుజ్జి కేకలేసి, తన గొంతు తనకే తిరిగి వినిపిస్తుంటే పడీ పడీ నవ్వింది. లావణ్య అక్క ఆమెను ఎత్తుకుని బాల్కనీలోంచి చెరువు చూపించింది.

"ఇది నీ ఇల్లా చిన్నమ్మా?"

"మన ఇల్లు. నీది, నాది. ఈడ మంచమేసుకుందం. ఆడ నీ బొమ్మలు."

బుజ్జి గదంతా కలియజూసింది. "మరి అమ్మ యాడ పండుకుంటది?"

లావణ్య అక్క బుజ్జిని మెల్లగా కిందికి దించింది.

"నేను పక్కన లేకుంటే అమ్మకు నిద్ర రాదు." తెలియనివాళ్ళకు చెప్పినట్టు ఓపికగా చెప్పింది బుజ్జి. "నేను చెవు పట్టుకుంటెనే అమ్మ పండుకుంటది."

ఇల్లు రాగానే బుజ్జి ఆటోలోంచి దూకి ఎదురింట్లోకి పరుగెత్తింది.

"అమ్మా! చిన్నమ్మ కొత్తిల్లు సూసినం! అల్ల నాకు మంచమున్నది. నీకు జాగ లేదు!"

నీలమ్మ అక్క గడప మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. చాట కింద పెట్టి, ఆటో దిగుతున్న చెల్లెలి వైపు చూసింది. లోపలి నుంచి నరేందర్ బావ వచ్చాడు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

"ఏందే గిది? సాదెటప్పుడు మేము, పెద్దగైనంక నువ్వా? జెరమొస్తే ఎత్తుకొని ఉరికినోల్లకు మనసుండదా?"

"నేను కన్న బిడ్డ బావా."

"ఇన్నొద్దులు యాడవోయినవ్ మరి?"

"నువ్వూకో," అంది నీలమ్మ అక్క ఆయనతో. "ఆమె బిడ్డ. మనం కావలున్నం, గంతే."

మర్నాటి నుంచి నీలమ్మ అక్క బుజ్జి బట్టలన్నీ ఉతికి, ఆరేసి, మడత పెట్టడం మొదలుపెట్టింది. లావణ్య అక్క ఎదురుపడితే కళ్ళెత్తకుండా ఒక్కో మాట చెప్పేది. "ఉత్త పాలు తాగది, జరంత బెల్లమెయ్యి." ఇంకో పూట, "తలకు పోసేటప్పుడు పాట పాడుమను. ఏడ్వది." మరో రోజు మబ్బు పట్టి ఉరుముతుంటే గల్లీ దాటి వచ్చి మరీ చెప్పింది. "ఉరుములకు భయపడుతది. చెవు పట్టుకోనియ్యి."

లావణ్య అక్క అన్నిటికీ తల ఊపేది. "తిడితే నేను సుత తిడుదు తమ్మీ," అంది నాతో. "తిడుతలేదు."

అంతటితో ఆగలేదు నీలమ్మ అక్క. బుజ్జిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాఠంలా నేర్పేది.

"ఆమె చిన్నమ్మ కాదు. ఆమె నీ అమ్మ."

"మరి నువ్వెవరు?"

"నేను పెద్దమ్మను."

"కాదు, నువ్వు అబద్ధాలమ్మవు!" అని బుజ్జి ఆమె బుగ్గలు గిల్లి కిలకిలా నవ్వేది. ఇదొక కొత్త ఆటనుకుంది.

ఒడిబియ్యం శుక్రవారం నాడు. వాకిలి నిండా ఆడవాళ్ళు. మా మేనత్త ఈశ్వరమ్మ వచ్చీ రాగానే రెండు పీటలు చూసి ముక్కున వేలేసుకుంది.

"మొగడిడిసిన దానికి ఒడిబియ్యమేందే సత్తెమ్మా? యాడన్న ఉన్నదా?"

"ఆడిడిస్తే నేనిడిసిన్నా వదినె?" అంది అమ్మ, పసుపు చేతులు దులుపుకుంటూ. "నా బిడ్డ. నేను పోస్త. ఇష్టముంటే దోసిలి పట్టు, లేకుంటే పులిహోర తినిపో."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అత్త గొణుక్కుంటూ దోసిలి పట్టింది.

తమ్ముడిగా నేను బట్టలు పెట్టాను. అక్కలిద్దరూ కొత్త చీరల్లో పక్కపక్కన కూర్చున్నారు. బుజ్జి ఎవరూ చెప్పకముందే పట్టులంగా ఎత్తిపట్టుకుని వచ్చి నీలమ్మ అక్క పక్కన కూర్చుని కొంగు అందుకుంది. లావణ్య అక్క చూసి కూడా చూడనట్టు తన ఒడి సర్దుకుంది.

"అగో, తల్లి ఈడుంటే పోరి ఆడ కూసున్నదేంది?" అంది అత్త అందరికీ వినబడేలా.

నీలమ్మ అక్క తన కొంగు మీది చిన్న చేతులను తీసింది. "ఆడికి పో బిడ్డా. ఆమె కొంగు పట్టుకో. ఆమె నీ అమ్మ. నేను చెప్తున్న, పో."

ఆ గొంతులో ఆట లేదని బుజ్జికి తెలిసింది. చెప్పిన మాట వినే పిల్ల. లేచిపోయి లావణ్య అక్క పక్కన కూర్చుని, కొంగు అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మొదటి దోసిలి అమ్మ పోసింది. తర్వాత అత్త పోసింది. బియ్యం పడుతున్నకొద్దీ బుజ్జి కింది పెదవి వంకర పోయింది. కొంగు మాత్రం వదల్లేదు. మెడ తిప్పి నీలమ్మ అక్కను చూస్తూ, చిన్న గొంతుతో అడిగింది.

"అమ్మా, నేనేం జేసిన?"

ఏదో తప్పు చేసినందుకు తనను అవతలికి పంపేశారనుకుంది.

నీలమ్మ అక్క తల వంచుకుంది. కన్నీళ్ళు ఆమె ఒడిలోని పసుపు గింజల మీద పడుతున్నాయి. తర్వాతి దోసిలి పట్టిన ఆవిడ అలాగే ఆగిపోయింది.

లావణ్య అక్క ఒక చేత్తో ఒడి పట్టుకుని, ఇంకో చేత్తో బుజ్జి వేళ్ళను మెల్లగా విప్పింది. గట్టిగా పట్టుకుని ఉండటంతో ఆ వేళ్ళు తెల్లబడ్డాయి.

"నువ్వేం జెయ్యలే బిడ్డా. మీ అమ్మ కాడికి పో."

బుజ్జి ఒక్క దూకులో పోయి నీలమ్మ అక్క మీద పడింది. ఒడిలోని బియ్యమంతా నేలపాలైంది. అపశకునమని ఎవరూ అనలేదు, అత్త కూడా.

"నా ఒడిల బియ్యమున్నయి," అంది లావణ్య అక్క అమ్మను చూస్తూ. ఒడిలో బియ్యం పెట్టుకుని అన్న మాటను మా ఇంట్లో ఎవరూ వెనక్కి తీసుకోరు. అక్కడున్న అందరికీ అది తెలుసు. "బుజ్జి నీలమ్మ బిడ్డ. ఇగ పోరికి ఎవలు ఏం చెప్పకుండ్రి."

"నోరు మూసుకోవే!" అని అమ్మ అరిచింది. అప్పటికే మాట అయిపోయింది.

ఆ సాయంత్రం ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని ఊరికే తిప్పాను. శేరిలింగంపల్లి దాకా పోయాం. ఆఫీసులు వదిలారు. మెడల్లో ఐడీ కార్డులు వేలాడేసుకుని ఆఫీసు పిల్లలు చెయ్యెత్తుతున్నారు. ఎవరినీ ఎక్కించుకోలేదు.

"ఈడనే ఉండరాదు అక్కా?" అన్నాను. "చిన్నమ్మ లెక్కనే ఉండు. వారం వారం వచ్చి సూసుకో."

"ఉండలేను. దగ్గరుంటే ఎన్నడో ఒకనాడు గుంజుకుంట. నా సంగతి నాకెరుక." కొంగు సర్దుకుంది. "నా కోసం ఏడ్వకుండ ఒకసారి మాన్పిచ్చినం దాన్ని. ఇప్పుడు నీలమ్మ కోసం ఏడ్చుడు నేర్పాల్నా?"

నేను ఆటోను ఇంటి దారికి తిప్పాను.

ఇక్కడ చేరనని, జర్మనీకి తిరిగి వస్తున్నానని రెండు ఆఫీసులకూ ఆమే ఫోన్ చేసి చెప్పింది. ప్రగతి నగర్ ఇల్లు వద్దని నేను చెప్పి వచ్చాను. ఇప్పుడు మా గల్లీలో ఒకటే మాట. జర్మనీ రుచి మరిగింది, కన్నబిడ్డను కూడా వద్దనుకుని పోయింది. నా ఆటోలో కూర్చునే అంటారు. నేను బండి ఆపి దింపేద్దామనుకుంటాను, ఆపను. కుక్కరు సంగతి వాళ్ళకేం తెలుసు?

పోయే రోజు మధ్యాహ్నం ఆమె పెట్టె సర్దుకుంటుంటే, అమ్మ ఒడిబియ్యం మూట తెచ్చి పక్కన పెట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇవి యాడ వండుతవే?"

"ఎవలింట్ల వాల్లే వండుకోవాలన్నవు గద అమ్మా."

లావణ్య అక్క ఆ పసుపు బియ్యాన్ని కుక్కరులో పోసింది. పైన కుడుకలు పెట్టి మూత బిగించింది. విజిల్‌ను ఒక సాక్సులో చుట్టి మూలకు దోపింది. స్వెట్టర్లు కప్పి పెట్టె మూస్తే మూత పడలేదు. నేను పోయి ఒత్తబోతుంటే బుజ్జి పరుగెత్తుకొచ్చి, "నేను, నేను!" అంటూ పెట్టె మీదికెక్కి కూర్చుంది.

"చిన్నమ్మా, మల్ల ఫోన్లకు పోతున్నవా?"

"ఆఁ బిడ్డా."

"కుక్కర్ కూత ఇనిపిస్తవా?"

"ఇనిపిస్త."

జిప్పు సగం దాకా వచ్చి ఆగింది. బుజ్జి ఊపిరి బిగబట్టి తన బరువంతా వేసి కూర్చుంది.

"నేను లేస్తే మల్ల తెరుచుకుంటది చిన్నమ్మా."

లావణ్య అక్క వంగి జిప్పును చివరిదాకా లాగింది. బుజ్జి మోకాలు ఆమె చెంపకు తగిలింది. ఒక్క క్షణం అలాగే ఉండి లేచింది.

"తెరుచుకోదు. ఇగ లే, మీ అమ్మ పిలుస్తున్నది."

నేను ఎదురింటి వైపు చూశాను. నీలమ్మ అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఇంకా పిలవలేదు.